రాజు భార్యా? రాజు బిడ్డా?

సూళ్లూరుపేటలో కాళంగి పక్కనుంచి తూర్పుకు తిరిగితే శ్రీహరికోట రోడ్డు. రెండు వైపులా పులికాట్ నీళ్లు, ఆ నీళ్లకు అవతల ఇసుక దిబ్బ, దిబ్బకు అవతల సముద్రం. ఇప్పుడు ఆ దిక్కుకు జనం చూసేది రాకెట్ కోసం. ఏడు వందల ఏళ్ల కిందట కనిపించేవి తెరచాపలు. మైలాపూరు నుంచి ఉత్తరాన మోటుపల్లి రేవుకు పోయే ఓడ ఏదైనా ఈ తీరం వెంబడి సాగాల్సిందే. ఆ దారిలో సరుకులే కాదు, మాటలూ ప్రయాణం చేశాయి. అలా దేశాలు దాటిన ఒక మాట, ఒక ఆడపిల్లని కన్నతండ్రికే భార్యను చేసింది.

ఆమె కాకతి రుద్రమదేవి.

రేవులో మాట

మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో చిన్న పల్లె. అక్కడ 1244లో రుద్రమ తండ్రి, కాకతీయ రాజు గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం ఉంది. ఓడ గాలివానకు చెడి ఒడ్డున పడితే అంతకుముందు రాజులు సరుకంతా లాక్కునేవారు, మేము సుంకం తప్ప ఇంకేమీ ముట్టుకోము అని సముద్ర వ్యాపారులకు రాజు ఇచ్చిన మాట అది. సుంకం ముప్పయ్యో వంతు. కర్పూరం, చందనం, ముత్యాలు, మిరియాలు, పట్టు దిగే రేవు.

ఆ రేవులో ఒక సాయంత్రాన్ని ఊహించుకుందాం. సుంకం లెక్క తేలింది. పరదేశి వర్తకుడు దుబాసీ చేత అడిగించాడు.

"మిమ్మల్ని ఏలే రాజెవరు?"

"పెద్ద రాజుగారు శివైక్యం చెంది చాన్నాళ్లయింది బాబూ. ఇప్పుడు ఏలేది అమ్మగారు."

'అమ్మగారు' అన్న మాట దుబాసీ నోట 'రాణి' అయింది. రాజు పోయాక రాణి గద్దె మీద ఉందంటే పరదేశికి తోచేది ఒక్కటే: వితంతువు.

ఈ సంభాషణ మన ఊహ. దాని ఫలితం మాత్రం పుస్తకంలో ఉంది. వెనీసు వర్తకుడు మార్కో పోలో మోటుపల్లిని 'ముత్ఫిలి' అని పిలిచి, అక్కడి రాజు చనిపోయాక అతని భార్య 40 ఏళ్లుగా న్యాయంగా ఏలుతోందని, భర్త మీది ప్రేమతో మళ్లీ పెళ్లి చేసుకోలేదని మెచ్చుకున్నాడు. వజ్రాల గురించీ, సాలెగూడులాంటి సన్నని బట్టల గురించీ రాసిన చేత్తోనే ఈ మాటా రాశాడు.

పరాయి ఇంటి కూతురు

తరవాతి కాలపు కథల్లోనూ ఆమె గణపతిదేవుడి రాణిగానే కనిపించింది. 19వ శతాబ్దపు ఇంగ్లీషు పండితులు కొందరు ఇంకో అడుగు వేసి, ఆమెను దేవగిరి రాజు కూతుర్ని చేశారు. ఇంతకన్నా విడ్డూరం ఉండదు. చిన్నతనంలో గణపతిదేవుడు బందీగా ఉన్నది ఆ దేవగిరి యాదవుల దగ్గరే. పట్టం కట్టుకున్నాక రుద్రమ కత్తి దూసిందీ ఆ దేవగిరి మహాదేవుడి మీదే. ఎవరితో పోరాడిందో వాళ్లనే ఆమెకు పుట్టిల్లుగా రాసిపెట్టారన్నమాట.

నెల్లూరు వాళ్లను అడిగినా నిజం తెలిసేదేమో. ఇక్కడి వాళ్లకు గణపతిదేవుడు కొత్తవాడు కాదు. రాజ్యం పోగొట్టుకున్న మనుమసిద్ధి తరఫున తిక్కన సోమయాజి ఓరుగల్లు వెళ్లాడని సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. కాకతీయ సేన దిగివచ్చి నెల్లూరు గద్దెను నిలబెట్టింది. గణపతిదేవుడి పేర 1249 నాటి శాసనం కంచి ఏకామ్రనాథుడి గుడిలో కూడా ఉంది.

పొరపాటుకు ఇంకో మూలం ఓరుగల్లులోనే ఉంది. గణపతిదేవుడు కూతుర్ని కొడుకులా పెంచి, మగపేరు పెట్టి రాజ్యం అప్పగించాడు. శాసనాల్లో ఆమె చాలాచోట్ల 'రుద్రదేవ మహారాజు'. పేరు చూసినవాడికి ఆడమనిషి కనిపించదు. ఆడమనిషి ఏలుతోందని విన్నవాడికి కూతురు తోచదు. విద్యానాథుడి ప్రతాపరుద్రీయానికి వ్యాఖ్య రాసిన కుమారస్వామి సోమపీథి ఈ ముడి ఎప్పుడో విప్పాడు. మల్లినాథ సూరి కొడుకు ఆయన. రుద్రమ గణపతి కూతురే అని చెప్పాడు.

రాయి నోరు విప్పింది

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం గుంటూరు సీమలో నిలబడి ఉంది. 1261 నాటి మల్కాపురం శాసనం. ఉలి దెబ్బలు పడుతున్ననాటికి ఆమె వయసులో ఉన్న ఏలిక. గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి తండ్రి ఇస్తానన్న మందడం గ్రామాన్ని తండ్రి మాట మీద ధారపోసింది. తనవంతుగా వెలగపూడి కలిపింది. అదే వెలగపూడిలో ఇవాళ ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉంది.

భర్త ఎవరో కూడా శాసనాలు తేల్చాయి. నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. వాళ్ల కూతురు ముమ్మడమ్మ కొడుకే ప్రతాపరుద్రుడు. గణపతిదేవుడికి ఇంకో కూతురు గణపాంబ ఉంది. ధరణికోట కోట బేతరాజు భార్య. భర్త పోయాక ఆయన పేర దానాలు చేసి, శాసనం వేయించిన వితంతువు. అక్కచెల్లెళ్ల కథలు రేవులో కలగాపులగం అయ్యాయా? అయినా ఆశ్చర్యం లేదు.

మార్కో పోలో చైనా నుంచి తిరుగుదారి పట్టి ఈ సముద్రాల్లోకి వచ్చింది 1290ల మొదట్లో. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన శాసనం తేదీ 1289 నవంబరు 27. రుద్రమదేవికీ, సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకప్రాప్తి కోసం పువ్వుల ముమ్మడి చేసిన భూదానం అది. ఏలుతోందని వెనీసు వాడు రాసిన రాణి అప్పటికే లేదు.

మిగిలిన గడి

తండ్రి పేరు తిరిగొచ్చింది. మరి తల్లి?

గణపతిదేవుడు దివిసీమ అయ్య వంశపు ఆడపడుచులు నారమ్మ, పేరమ్మలను పెళ్లాడాడు. నృత్తరత్నావళి రాసిన జాయపసేనాని తోడబుట్టినవాళ్లు వాళ్లు. వాళ్లలో ఒకరా? 2015 సినిమాలో తల్లి పేరు సోమాంబిక. రాళ్లు మాత్రం తండ్రి దగ్గరే ఆగిపోయాయి. కొడుకుగా పెంచిన బిడ్డకు వారసత్వం రుజువు కావాలి. ఆ రుజువుకు తండ్రి పేరు చాలు. తల్లి పేరుతో దస్తావేజుకు పనిలేదు.

మల్కాపురం రాతి మీద ఇంకో వివరం ఉంది. ఆ రెండూళ్ల ఆదాయంలోంచి మఠానికి, చదువుకునేవాళ్లకి, సత్రానికి, వైద్యశాలకి వాటాలు పెట్టారు. వాటితోపాటు ప్రసూతిశాలకీ. పురిటినొప్పులతో వచ్చే తల్లికి చోటుండాలని ఏర్పాటు చేసిన శాసనం అది. అందులో రుద్రమ తండ్రి పేరుంది. ఆమెను కన్న తల్లి పేరు లేదు.