నొప్పులు రప్పించుట – ఒక ప్రసవచరిత్ర

చరిత్రగ్రంథములలో రాజుల జననములు తిథివార నక్షత్రములతో వ్రాయబడియున్నవి. ఆ రాజులను కన్న తల్లులు ఎన్ని జాములు నొప్పులు పడిరో, నెలలు నిండియు నొప్పులు రాక ఎన్ని దినములు భయముతో ఎదురుచూచిరో, ఎవరు ఏ మందిచ్చిరో వ్రాసినవారు లేరు. బిడ్డ జాతకచక్రము నిలిచినది; తల్లి అనుభవము ఆమెతోనే పోయినది. మన సంచికలలో దేవాలయములను గూర్చియు, శాసనములను గూర్చియు, పూర్వుల వలసలను గూర్చియు వ్యాసములు వచ్చుట ఆచారము. ఏ శాసనమునందును చెక్కబడకున్నను ప్రతి గృహమునకును సంబంధించిన విషయము నొకదానిని నేను ఈ పర్యాయము ఎన్నుకొంటిని. తమంత తాము రాని నొప్పులను రప్పించు విధానము ఎట్లు పుట్టి ఎట్లు పెరిగినది, దానిని అనుభవించిన స్త్రీలు ఏమని చెప్పిరి అనునదియే ఈ వ్యాసవిషయము.

మన పూర్వులు బళ్ళారిలో నిలిచినను, వేలూరులోనో మధురలోనో స్థిరపడినను, బరంపురమునందో నాగపురమునందో యానామునందో ఇండ్లు కట్టుకొన్నను, తొలికాన్పు పుట్టింట జరుగవలెనను ఆచారమును విడువలేదు. ఆ పుట్టింటి పురుటిగదికి అధికారిణి మంత్రసాని. ఆమెకు అక్షరములు రాకపోవచ్చును. ఐనను దొంగనొప్పులకును నిజమైన నొప్పులకును గల భేదము ఆమె చేతికి తెలియును. జీలకఱ్ఱ కషాయము త్రాగించి కొంతసేపు వేచి చూచుట, నడుమునకు నూనె రాచి వేడినీళ్ళు పోయించుట, పెరటిలో మెల్లగా నడిపించుట ఆమె సాధనములు. కొన్ని యిండ్లలో ఆముదము త్రాగించెడివారు. ఆముదమునందలి ఆమ్లము ప్రేవులనేగాక గర్భాశయపు కండరములను గూడ ప్రేరేపించునని 2012లో జర్మను శాస్త్రజ్ఞులు ఎలుకలపై పరిశోధించి చూపిరి. కావున ఆ పాత నమ్మకము వట్టిది కాదు. ఐనను అది వాంతులను విరేచనములను కలిగించి తల్లిని నీరసింపజేయును గావున వైద్యుల అనుమతి లేనిదే త్రాగదగినది కాదు. మంత్రసాని చేతిలో సుఖముగా ప్రసవించిన తల్లులు పెక్కుమంది. బిడ్డ అడ్డము తిరిగియో, రక్తస్రావము ఆగకయో ఆమె చేతిలోనే కన్నుమూసిన తల్లులును పెక్కుమంది. ఈ రెండు సత్యములను ఒక్కచోటనే చెప్పుకొనవలెను.

ఈ విషయము మన ప్రాచీనుల చర్చకు వచ్చినది. చరకసంహితలోని శారీరస్థానమున ఒక వాదము కలదు. నొప్పులు సాగుటకై స్త్రీ రోకలి చేతబట్టి ధాన్యము దంచవలెనని కొందఱు చెప్పుదురట. ఆత్రేయుడు దానిని కాదనెను. గర్భిణికి కఠినమైన శ్రమ ఎన్నడును తగదనియు, అందును ప్రసవసమయమున శరీరధాతువులు చలించియుండగా రోకలిపోటు ప్రాణమునకే ముప్పనియు ఆయన తీర్పు. దానికి మాఱుగా ఆవులించుటయు, అటునిటు నడచుటయు మేలని చెప్పెను. నొప్పి రాకమునుపే ముక్కవలదనియు, అకాలమున ముక్కినచో శ్రమ వృథా యగుటయే గాక బిడ్డకును కీడు కలుగుననియు హెచ్చరించెను. ప్రకృతికి తోడుపడుట వేఱు, దానిని తొందరపెట్టుట వేఱు అను వివేకము అంత పూర్వమే మన వైద్యులకు కలదు.

ఆ గ్రంథమునందే ప్రసవకాలమున వాసన చూపవలసిన చూర్ణములు పేర్కొనబడినవి. అందులో వస, ఏలకులు, చిత్రమూలములతో పాటు లాంగలి కూడ నున్నది. ఇదియే మనము అగ్నిశిఖ అనియు, అడవినాభి అనియు పిలుచు తీగ. నిప్పురేకులవంటి దాని పువ్వు నేడు తమిళనాటి రాష్ట్రపుష్పము. దాని దుంపను నూఱి నొప్పులకొఱకు పైపూతగా వాడుట పల్లెలలో ఉండెడిది. ఆ దుంప కడుపులోనికి పోయినచో ప్రాణము తీయు విషము. నొప్పులు రప్పించు మందునకును విషమునకును నడుమ ఎంత దూరమో ఈ తీగయే చెప్పగలదు.

ఐరోపాఖండమునను కథ ఇట్లే నడిచినది. రై అను ధాన్యపు కంకులకు పట్టు ఎర్గట్ అను నల్లని బూజును అచటి మంత్రసానులు నొప్పులకై ఇచ్చెడివారు. 1808లో అమెరికాలో జాన్ స్టెర్న్స్ అను వైద్యుడు దానిని ప్రసవచూర్ణమని కొనియాడుచు వ్రాయగా, వైద్యులందఱు దానిని వాడసాగిరి. దాని ప్రభావమున గర్భాశయము విడువక బిగిసిపోవుటచే బిడ్డలు లోపలనే చనిపోవుటయు, గర్భాశయములు చీలుటయు జరిగెను. 1824లో డేవిడ్ హోసాక్ అను మఱియొక వైద్యుడు అది ప్రసవచూర్ణము కాదు, మరణచూర్ణమని ఖండించి, బిడ్డ పుట్టిన పిమ్మట రక్తస్రావము నాపుటకు మాత్రమే దానిని వాడవలెనని చెప్పెను. ఒకే మందు ప్రసవమునకు ముందు మృత్యువు, తరువాత ప్రాణరక్షకము. అంతకు పూర్వమే, 1756లో, లండను నగర వైద్యులు కటియెముక ఇఱుకైన స్త్రీలకు నెలలు నిండకమునుపే ఉమ్మనీటి సంచి చిదిపి కాన్పు చేయుట ధర్మమా అని సభ చేసి, ధర్మమేయని నిశ్చయించిరి. ఆనాడు ఉదరము కోసి బిడ్డను తీయుటయన్నచో తల్లికి ఇంచుమించు మరణశాసనమే గావున ఆ నిశ్చయమున కనికరమే కనబడుచున్నది.

ఇరువదవ శతాబ్దమున మార్గము మాఱెను. 1906లో హెన్రీ డేల్ మెదడు అడుగుననుండు పిట్యూటరీ గ్రంథి సారము గర్భాశయమును సంకోచింపజేయునని కనుగొనెను. 1909లో బ్లెయిర్ బెల్ దానిని ప్రసవవైద్యమున ప్రవేశపెట్టెను. మొదట సూదితో ఒక్కసారిగా ఎక్కించుటచే ప్రమాదములు హెచ్చయ్యెను. సెలైనుతో కలిపి చుక్క చుక్కగా నరమునకు ఎక్కించు పద్ధతిని 1948లో థియోబాల్డ్ ప్రకటించిన పిమ్మట మందును తగ్గించుటయు, హెచ్చించుటయు, ఆపుటయు వైద్యుని వశమాయెను. 1953లో విన్సెంట్ డ్యు విగ్నో ఆక్సిటోసిన్ అను ఆ పదార్థమును రసాయనశాలలో తయారుచేసెను. 1955లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. గర్భాశయ ముఖద్వారము మెత్తబడినదో లేదో లెక్కకట్టు పద్ధతిని 1964లో బిషప్ అను వైద్యుడు ఏర్పఱచెను. 1968లో సుల్తాన్ కరీం ప్రోస్టాగ్లాండిన్ల ప్రయోగమును ప్రకటించెను. ఇట్లు అర్ధశతాబ్దము దాటిన కొలదికాలములోనే కాన్పునకు దినము నిర్ణయించు శక్తి మనుష్యుని చేతికి వచ్చెను.

మన ప్రాంతమున ఈ విద్యకు పుట్టినిల్లు మద్రాసు. అచట 1844లో స్థాపింపబడిన ప్రసూతి వైద్యశాల 1882లో ఎగ్మూరుకు మాఱెను. 1875లో మద్రాసు వైద్యకళాశాలలో చేరిన మేరీ షార్లీబ్ ఆ వైద్యశాలలోనే ప్రసవవిద్య నేర్చెను. పురుషవైద్యుని చేయి తాకుటకంటె చావు మేలని తలచు ఘోషాస్త్రీలకొఱకు ఆమె కృషిచే 1885లో ప్రత్యేక వైద్యశాల వెలసెను. ఎగ్మూరు వైద్యశాలకు అధిపతిగా పనిచేసిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు 1938లో వెలువరించిన ప్రసవవైద్య గ్రంథమును తరతరముల విద్యార్థులు చదివిరి. తమిళ కుటుంబమునకు చెందిన ఆయన 1887లో పుట్టినది కర్నూలులో. మనము తమిళనాట తెలుగువారమైనట్లే ఆయన తెలుగునాట తమిళుడు. ఈ రాకపోకలు రెండువైపులను సాగినవని మఱవరాదు.

ఇక మందుల చరిత్ర చాలించి, మందు పుచ్చుకొన్నవారి మాట వినవలెను. మా కుటుంబములోని ఒక సంగతి చెప్పెదను. 1968లో మా మేనత్త రెండవ కాన్పునకు మేమున్న పట్టణములోని ఒక ఆసుపత్రిలో చేరినది. దినములు గడచిపోయినవని చెప్పి, ఒక ఉదయమున ఆమె చేతికి సెలైను గొట్టము తగిలించిరి. అది ఏమందో, ఎందులకో ఎవరును చెప్పలేదు. కొంతసేపటికి నొప్పులు ఒకదాని వెనుక ఒకటి ఊపిరి తీయనీయక వచ్చినవి. తొలికాన్పున అల వచ్చినట్లు వచ్చి పోయెడి నొప్పి, ఈసారి పోవుట మఱచినదని ఆమె చెప్పెడిది. ఆ పట్టణమున పుట్టి పెరిగిన ఆమెకు బజారుభాష చక్కగా వచ్చును. ఐనను నొప్పులలో నోటికి వచ్చునది ఇంటిభాషయే. ఆమె తెలుగున మొఱపెట్టగా నర్సులు విసుగుకొనిరి. తెలుగెఱిగిన ఆయా ఒకతె దగ్గఱకు వచ్చి, “నొప్పుల మందమ్మా, బిడ్డ త్వరగా వచ్చును, భయపడకుము” అని చేయి పట్టుకొన్నదట. బిడ్డ క్షేమముగా పుట్టెను. కడపటి దినములవఱకు ఆమె చెప్పిన మాట ఒక్కటే: “నొప్పి మఱచితినిరా నాయనా, చెప్పకుండుటను మఱవలేదు.”

ఇది ఒక్క యింటి కథ కాదు. ఇంగ్లాండు, వేల్సు దేశములలో 1974 నాటికి నూటికి నలుబది కాన్పులకు చేరువగా నొప్పులు రప్పించియే చేయుచుండిరి. పగటివేళ, పనిదినములలో బిడ్డలు హెచ్చుగా పుట్టసాగిరి, ఆదివారము తగ్గిపోయిరి. ఇది తల్లుల మేలునకా, ఆసుపత్రుల సౌకర్యమునకా అని పత్రికలలో గొప్ప వివాదము చెలరేగెను. 1975లో షీలా కిట్జింజర్ అట్టి తల్లుల అనుభవములను వారి మాటలలోనే సేకరించి ప్రకటించెను. నొప్పులు తీవ్రమై ఎడము లేక వచ్చినవని పలువురు చెప్పిరి. కారణము వివరింపబడిన వారిలో కొందఱు తృప్తియే వెల్లడించిరి. పిమ్మట ఆన్ కార్ట్‌రైట్ రెండువేలకు పైబడిన తల్లులను విచారించి 1979లో గ్రంథము ప్రకటించెను. నొప్పులు రప్పింపబడిన స్త్రీలలో హెచ్చుమంది మఱు కాన్పునకు అది వలదనిరి. తమకు ఇంకను విషయము తెలుపవలసియుండెననియు పలువురు కోరిరి. మా మేనత్త మాటయే అక్కడ ఇంగ్లీషులో వినబడినది.

తమిళనాట కథకు ఇంకొక ముఖము కలదు. 1995లో మద్రాసు ప్రాంతపు పేద స్త్రీల నడుమ నివసించి పరిశోధించిన సిసీలియా వాన్ హాలెన్ 2003లో ఒక గ్రంథము ప్రకటించెను. అచటి స్త్రీలలో పలువురు నొప్పుల మందును తామే కోరుచుండిరని ఆమె వ్రాసినది. నొప్పియన్నచో వారికి శక్తితో ముడిపడినది. నొప్పి హెచ్చినకొలది స్త్రీశక్తి హెచ్చునని వారి భావన. నొప్పి తగ్గించు మందు మాత్రము వారికి దొరకుట అరుదు. ఆ కోరిక వెనుక విశ్వాసమెంత, త్వరగా ఆసుపత్రినుండి బయటపడవలెనను ఆరాటమెంత అని మనము ఆలోచింపవలసియున్నది.

పల్లెలలో మఱింత ప్రమాదకరమైన వాడుక పెరిగెను. చదువు లేని వైద్యుడు ఇంటికి వచ్చి నొప్పుల సూదిని కండకు పొడిచి పోవుట ఉత్తరదేశమున పరిశోధకులు నమోదుచేసిరి. చుక్కలుగా ఎక్కింపవలసిన మందు ఒక్కుమ్మడిగా ఎక్కినచో బిడ్డకు ప్రాణవాయువు అందదు, గర్భాశయము చీలవచ్చును. ఇదే మందును పాలకొఱకు గేదెలకు పొడుచుట మనమందఱము ఎఱిగినదే. ఆ దుర్వినియోగమును ఆపుటకై 2018లో కేంద్రప్రభుత్వము దాని తయారీని కర్ణాటకలోని ఒక్క ప్రభుత్వసంస్థకే పరిమితము చేయగా, తల్లులకు మందు కఱవగునను వాదముపై ఢిల్లీ హైకోర్టు ఆ యేడాది డిసెంబరులో ఆ ఉత్తర్వును కొట్టివేసెను. బిడ్డ పుట్టిన పిమ్మట రక్తస్రావము నాపి తల్లులను బ్రతికించునది ఆ మందే గదా!

ఇంతమాత్రమున నొప్పులు రప్పించుట కీడని తలపరాదు. రక్తపుపోటు హెచ్చి గుఱ్ఱపువాతము రానున్న గర్భిణికి కాన్పే చికిత్స. అచట ఆలస్యమే మృత్యువు. నాగపురములోని రెండు ప్రభుత్వ వైద్యశాలలలో అట్టి 602 మంది స్త్రీలపై జరిగిన పరిశోధన 2017లో ప్రకటింపబడెను. కడుపుపుండ్లకై పుట్టిన మిసోప్రోస్టాల్ అను చౌకమాత్రను స్వల్పప్రమాణమున రెండేసి గంటలకొకసారి మ్రింగించినవారిలో నూటికి 57 మంది ఇరువదినాలుగు గంటలలోపల సహజముగా ప్రసవించిరి. గర్భాశయద్వారమున బెలూనుగల రబ్బరు గొట్టము అమర్చినవారిలో నూటికి 47 మంది అట్లు ప్రసవించిరి. ఈనాడు లోకమంతయు చదువుకొను ఈ ఫలితము మన తెలుగు కుటుంబములు తరములుగా నివసించు నగరముననే, పేద తల్లుల సహకారమున లభించినది.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2011లో ఈ విషయమై సూత్రములు ప్రకటించినది. స్పష్టమైన వైద్యకారణమున్నప్పుడే నొప్పులు రప్పింపవలెను. కలుగు మేలు కీడును మించవలెను. తల్లి అభీష్టమును గమనింపవలెను. మందు ఎక్కుచున్న తల్లిని ఒంటరిగా విడువరాదు. ఆత్రేయుని వివేకమును, హోసాక్ హెచ్చరికను, ఆ తల్లుల సాక్ష్యములను ఒక్కచోట చేర్చినచో వచ్చునది ఇంచుమించు ఇదియే. 2017లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన లక్ష్య అను పథకమును అనుసరించి ప్రభుత్వ ప్రసూతిగదులలో తల్లికి తోడుగా ఒక స్త్రీ ఉండవచ్చును.

ఈ తోడు అన్యభాషాప్రాంతములలోని మనకు ఇతరులకంటె హెచ్చు అవసరము. మన ఆడుబిడ్డలు ఆసుపత్రికి పోవునప్పుడు స్థానికభాషను చక్కగా మాటాడగల పెద్దముత్తైదువ నొకతెను వెంట పంపుడు. ఈ మందెందులకు, ఇప్పుడే ఎందులకు, వేచినచో ఏమగును అని మర్యాదగా అడుగుట ఆమె పని. ఆ సమాధానమును తెలుగున కూతురి చెవిలో చెప్పుట అంతకంటె ముఖ్యమైన పని. అడుగుట వైద్యుని అవమానించుట కాదు. మంచి వైద్యుడు చెప్పుటకు వెనుదీయడు. అట్లే, మీ ఇంటి వృద్ధస్త్రీలను వారి కాన్పులను గూర్చి ఒకసారి అడిగి, వారు చెప్పినది వ్రాసియుంచుడు. మన వంశవృక్షములలో తండ్రుల పేర్లు మాత్రమే నిలిచినవి. ఆ కొమ్మలు ఏ నొప్పులతో చిగిర్చినవో చెప్పగలవారు ఇంకను కొందఱు మన నడుమ నున్నారు.