ఒకే రొయ్య, వేర్వేరు సుంకాలు

1994లో మన తీరంలోని టైగర్ రొయ్యల గుంటలకు తెల్లమచ్చ రోగం తగిలింది. పొద్దున చెక్ ట్రే పైకి లాగితే వేసిన మేత వేసినట్టే ఉండేది. గట్టు వారన సోలిపోతూ ఈదే రొయ్య తలడొప్ప మీద తెల్లటి చుక్కలు. వారం తిరిగేలోపు గుంట ఖాళీ. లోపం చాలావరకు తల్లిరొయ్యల దగ్గరే ఉంది. హేచరీలు సముద్రంలో పట్టిన తల్లుల్నే వాడేవి. వాటికి ఈ రోగపు వైరస్ ఉంటే పిల్లలకూ అంటుకునేది.

విరుగుడు అప్పటికే హవాయిలో తయారైంది. అక్కడి ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పసిఫిక్ తీరపు వెనామీ రొయ్యల్ని తెచ్చి, విడిగా ఉంచి, పదేపదే పరీక్షించి, ఫలానా రోగాలు లేవని తేలినవాటినే తరతరాలుగా పెంచుతూ వచ్చారు. మందూ మాకూ ఏమీ లేదు, ఓపికే. గుంటలో దిగాక జబ్బు రాదన్న హామీ కూడా లేదు. 2009లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ వెనామీకి అనుమతిచ్చింది. విదేశీ తల్లులు ముందు చెన్నై నీలాంకరైలో క్వారంటైన్‌లో ఉండాలి. గుంటలకు పిట్టలు వాలకుండా, పీతలు పాకకుండా కంచెలు కట్టాలి.

దాంతో ఇందుకూరుపేట నుంచి కోట దాకా గుంటలు మళ్లీ నిండాయి. చిక్కు ఏమిటంటే, ఈక్వెడార్‌లోనూ వియత్నాంలోనూ పెరిగేది ఈ రొయ్యే. సరుకు ఒకటే అయినప్పుడు బేరం సుంకం దగ్గర తెగుతుంది.

యూరోపియన్ యూనియన్‌లో ఒక్క అనుమతి దొరికితే 27 దేశాల్లో అమ్ముకోవచ్చు. వ్యాపారికి అది వరం. కాదన్నా అందరూ ఒకేసారి కాదంటారు: 1997లో పరిశుభ్రత లోపాలని నిషేధం పెట్టినప్పుడు తలుపులన్నీ ఒకేసారి మూసుకున్నాయి. 2017లో యూనియన్‌తో వాణిజ్య ఒప్పందంలో చేరిన ఈక్వెడార్ రొయ్యకు అక్కడ సుంకం లేదు. 2020లో తన సొంత ఒప్పందం అమల్లోకి వచ్చాక వియత్నాంకు దశలవారీగా తగ్గుతూ వచ్చింది. 2025లో మన గడ్డకట్టించిన వెనామీకి 4.2 శాతం. 6 లక్షల సరుకు మీద 25,200 రూపాయలు. ఎగుమతిదారు దాన్ని తన లాభంలోంచి వదులుకోడు, గుంట గట్టు మీద, కిలోకు ఎన్ని తూగాయో చూసి రైతుకిచ్చే కౌంట్ రేటులోంచే తీస్తాడు. నన్నడిగితే పరీక్షల బరువు ఇంకా ఎక్కువ: యాంటీబయాటిక్ భయంతో 2016 నుంచి మన సాగు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో 10 శాతం బదులు 50 శాతం తనిఖీ చేస్తున్నారు.

వియత్నాం ఉన్న ఆసియాన్ కూటమితో 2010లో అమల్లోకి వచ్చిన మన ఒప్పందం మరో దారి. వియత్నాం ఫ్యాక్టరీలు మన రొయ్యను కొని, ఒలిచి, ప్యాక్ చేసి అమ్ముతాయి. కానీ యూరప్ రాయితీ ఇచ్చేముందు రొయ్య ఎక్కడ పెరిగిందో చూస్తుంది, ఎక్కడ ఒలిచారో కాదు. ఆ రాయితీ మన గుంటలో పెరిగినదానికి దక్కదు.

అందుకే మన ఎగుమతిదారులు ఎక్కువగా అమెరికా వైపే మొగ్గారు, అక్కడ ఒప్పందం లేకపోయినా గిరాకీ ఉందని. 2025 ఆగస్టు 27న మన సరుకుపై అదనపు సుంకం 50 శాతానికి చేరింది. ఈక్వెడార్‌కు అప్పుడు 15.