కందకంలో పూలు

లండన్ టవర్ అనగానే మన తెలుగువాళ్ళకి గుర్తొచ్చేది కోహినూర్. మన కొల్లూరు గనుల్లో దొరికిందంటారు, ఇప్పుడు ఆ కోటలో కిరీటానికి అతుక్కుని ఉంది. ఆ గొడవ మళ్ళీ ఎప్పుడైనా. ఇప్పుడు చెప్పబోయేది కోట చుట్టూ ఉన్న కందకం గురించి.

2022లో, ఎలిజబెత్ రాణి గద్దెనెక్కి 70 ఏళ్ళయిన సందర్భంగా, ఆ కందకంలో 2 కోట్ల పైచిలుకు పూల విత్తనాలు చల్లారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా జనం ఆ పూల మధ్య నడిచారు. డిజైన్ షెఫీల్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ నైజెల్ డన్నెట్‌ది. 2012 ఒలింపిక్ పార్కు పూలమొక్కల వెనక కూడా ఈయన ఉన్నాడు. పేరుకి అడవిపూలే గానీ ఏ రంగు ఎప్పుడు రావాలో ముందే లెక్కేసి చల్లినవి. మన ప్రాజెక్ట్ ప్లాన్లలాగే అన్నమాట :)

చారిత్రక కోటని పూలతోట చేసేస్తారా అని అడిగేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ చరిత్ర అంటే ఏ వెర్షను? 1270లలో మొదటి ఎడ్వర్డ్ ఈ కందకం తవ్వించింది శత్రువుల్ని ఆపడానికి. థేమ్స్ నది ఆటుపోట్లతో నీళ్ళు మారుతుంటాయనుకుంటే అది సరిగ్గా జరగలేదు. వందల ఏళ్ళ మురికి చేరి కంపుకొట్టే గుంటయింది. 1841లో కోటలోని సైనికులు జబ్బుపడ్డారు, కొందరు పోయారు. నెపోలియన్‌ని ఓడించిన వెల్లింగ్టన్ డ్యూకే అప్పుడు కోట అధికారి. 1843లో నీళ్ళు తోడించే పని మొదలుపెట్టించాడు, 1845కల్లా అయిపోయింది. తర్వాత అక్కడ సైనికులు కవాతు చేశారు, రెండో ప్రపంచయుద్ధంలో కూరగాయలు పండించారు. అంటే జనం "అసలు" అనుకునే ఆ పచ్చిక వయసు రెండు వందల ఏళ్ళు కూడా లేదు. రోల్‌బ్యాక్ చేద్దామంటే ఎక్కడికి చేస్తాం, మురుగునీటికా?

కాబట్టి పూలమీద నాకు పేచీ లేదు. నాకున్న ఇబ్బంది వేరే. విలియం ఈ కోట కట్టించింది లండన్ జనాన్ని అదుపులో పెట్టడానికి. లోపల మనుషుల్ని బంధించారు, తలలు తీశారు. వలసల నుంచి తెచ్చిన సొత్తు ఇప్పటికీ లోపలే ఉంది. చుట్టూ అందమైన పూలు పరిచి, అదీ రాణిగారి వేడుక పేరుతో పరిస్తే, ఇదంతా కొంచెం మెత్తబడుతుంది. 2014లో ఇదే కందకంలో 8,88,246 పింగాణీ గసగసాల పూలు నాటారు. మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన బ్రిటన్, దాని వలసల సైనికులు ఒక్కొక్కరికీ ఒక పువ్వు. వాటిల్లో లెక్క ఉంది, చూసినవాడికి గొంతులో ఏదో అడ్డం పడుతుంది. 2022 పూలు అలా ఏమీ అడగవు. తేనెటీగలకి మాత్రం ఇవే మేలు లెండి, పింగాణీలో తేనె ఉండదు కదా.

2022 తర్వాత కూడా కందకాన్ని మళ్ళీ పాత గడ్డికి వదిలెయ్యలేదు, 2023లోనూ పూలు పూయించారు. మంచిదే. ఆ దారిలో ఒక బోర్డు పెట్టి, నీళ్ళు, రోగం, కవాతు, కూరగాయలు అన్నీ వరసగా రాసి, కోట ఎవరికోసం కట్టారో కూడా ఒక వాక్యం కలిపితే చాలు. పూలకి అడ్డమేమీ రాదు.