మూరెడు గొట్టపు తుపాకి

హైదరాబాదు నగరపు పడమటి అంచున, మాదాపురములో, సైబర్ టవర్సు అను సౌధమును 1998వ సంవత్సరము నవంబరులో ప్రధాని వాజపేయిగారు ప్రారంభించిరి. హైటెక్ సిటీకి అదియే తొలి కట్టడము. ఆ సంవత్సరమే అమెరికాలో మార్లిన్ కంపెనీవారు, గొట్టము మూరెడుకంటె అరయంగుళమే యెక్కువయైన యొక లీవరు రైఫిలును అమ్మకమునకు దెచ్చిరి. ఈ రెంటికిని సంబంధమేమని మీరడుగవచ్చును. ఏమియు లేదు. లేకపోవుటకు గల కారణమే నేటి ప్రసంగము.

ఈ తుపాకికి మడమ మొదట, క్రిందివైపున, ఉంగరమువంటి యినుప పిడి యుండును. దానిని క్రిందికి త్రోసి మరల పైకి లాగినచో కాలిన తూటా వెలికిపోయి క్రొత్తది గొట్టములోని కెక్కును. తూటాలు గొట్టము క్రిందనున్న మరియొక నాళములో ఒకదాని వెనుక ఒకటి పరుండియుండును. వెనుకదాని మొన వాడిగానున్నచో ముందుదాని అడుగునకు తగిలి మందు అంటుకొను ప్రమాదము గలదు. అందుచే వీని గుండ్లు మొద్దుమొనవి. తూటా పేరు .45-70. అమెరికా సైన్యము 1873లో స్వీకరించిన తూటాయే యిది. అప్పటి గుండు బరువు 405 గ్రెయినులు, అనగా మన లెక్కకు సరిగా రెండుంబావు తులములు! పొట్టి తుపాకినుండి అంత గుండు వెడలినప్పుడు మడమ వెనుకకు తన్నును. భుజపు గుంటలో దానిని బిగియ అదుముకొనక కాల్చినవాడు రెండవమారు ఆ తప్పు చేయడు.

లీవరు మన దేశమునకు క్రొత్తది కాదు. ఆంగ్లసైన్యము 1871లో స్వీకరించిన మార్టినీ-హెన్రీ తుపాకికిని క్రింద లీవరే యుండెను. కాని అది ఒక్కొక్క తూటానే పట్టును. దాని కొలత .450. సైన్యము దానిని విడిచిన తరువాతకూడ, ఆ తుపాకులు తిరుగుబాటుదారుల చేతులలో నున్నవను భయము దొరలను వదలలేదు. 1878నాటి ఆయుధముల చట్టము చాలదని, ఇరువదవ శతాబ్దపు మొదటి దశకములో ఆ కొలత తూటాలు హిందూదేశమునకు రాకూడదని నిషేధించిరి. లండను పనివారు ఊరకుండిరా? .465, .470 అను క్రొత్త కొలతలు కల్పించి రాజులకును దొరలకును అమ్మిరి. పులివేట ఆగలేదు, అంకె మాత్రము మారినది. పులివేటకు పేరుపొందిన మన ఆరవ నిజాము మహబూబు అలీఖాను 1911లో గతించెను. ఆ వైభవము లాలా దీనదయాళుగారి ఛాయాచిత్రములలో మిగిలినది.

1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, 1991నాటి సవరణయు వేటను ముగించినవి. ఇక పెద్ద గుండుకు పనియేది? గచ్చిబౌలి ప్రాంతపు గురిశాలలలో బాలబాలికలు నేర్చునది గాలి తుపాకి. 2012లో లండను ఒలింపిక్సులో హైదరాబాదు యువకుడు గగన్ నారంగ్ కంచు పతకము గెలిచినదియు దానితోనే. దాని గుండు వెడల్పు నాలుగున్నర మిల్లీమీటర్లు, బరువు సుమారు అరగ్రాము. మనము చెప్పుకొన్న గుండులో దాదాపు ఏబదవ వంతు.

మీ వేరుసెనగ చేలను అడవిపందులు త్రవ్విపోవుచుండగా ఈ ముచ్చటలెందుకని పెద్దలు విసుగుకొనవచ్చును. న్యాయమైన విసుగే. పొదలలో, దగ్గరి దూరమున, ఇట్టి తుపాకి పందిని నిలువున పడవేయును. అయితే గురి తప్పిన గుండు పొరుగువాని చేను దాటి ఎచ్చట పడునో ఎవరెరుగుదురు? పైరును పాడుచేయు పందిని కాల్చుటకు చట్టములోని 11వ సెక్షను క్రింద అటవీశాఖాధికారి వ్రాతపూర్వకముగ అనుమతింపవలెను. ఇంట లైసెన్సు తుపాకి యున్నంతమాత్రమున ఆ హక్కు రాదు.