నాపెలా ఇంటి బడి

మోర్మన్ మిషనరీ కుర్రాళ్ళు వారం వారం ఇంటికి రాసే ఉత్తరాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఈ వారం ఎన్ని తలుపులు తట్టాం, ఎవరు లోపలికి రమ్మన్నారు, ఏం పెట్టారు, కొత్త భాషలో ఏ మాట తప్పు పలికి నవ్వులపాలయ్యాం, ఎవరు బాప్తిస్మానికి సరేనన్నారు. పద్దెనిమిది నిండిన అబ్బాయిలు రెండేళ్ళు, అమ్మాయిలైతే ఏడాదిన్నర. ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళాలి. ఎప్పుడూ జంటగా తిరగాలి. అబ్బాయిలకి తెల్లచొక్కా, టై, జేబు మీద నల్ల బిళ్ళ. మీసాలు సరిగ్గా రాని కుర్రాడి పేరు ముందు కూడా ఆ బిళ్ళ మీద ‘ఎల్డర్’ అనే ఉంటుంది. అంటే పెద్దాయన! వారంలో ఒక రోజు బట్టలుతుక్కోడానికి, సరుకులు తెచ్చుకోడానికి, ఉత్తరాలు రాసుకోడానికి వదిలేస్తారు.

ఆ ఉత్తరాల్లో రాసేవాడు ఎప్పుడూ బోధించడానికి వెళ్ళినవాడే. తలుపు తీసి మంచినీళ్ళిచ్చిన మనిషి ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోతుంది. నా ఆసక్తంతా ఆ ఒక్క వాక్యం మీద. గడువు తీరాక కుర్రాడు విమానమెక్కి వెళ్ళిపోతాడు. వాడు చెప్పింది విని, నమ్మి, ఉన్నచోటే ఉండిపోయిన మనిషి ఏమైంది?

చాలాసార్లు దీనికి జవాబు దొరకదు. కానీ ఈ కథ మొదలైన రోజుల్లోనే ఒక చోట రెండు వైపుల కాగితాలూ మిగిలాయి. అది హవాయి దీవుల్లో, మావి అనే ద్వీపంలో, 1851 మార్చి మొదటి వారం సంగతి.

అంతకు మూడు నెలల ముందు, 1850 డిసెంబర్ 12న పదిమంది మోర్మన్లు హొనొలులు రేవులో దిగారు. వచ్చింది కాలిఫోర్నియా బంగారు గనుల నుంచి. చలికాలం గనుల దగ్గర తిండి ఖర్చు భరించలేనిది కాబట్టి దీవుల్లో బోధ చేయమని పంపారు. వాళ్ళలో జార్జ్ కానన్ ఒకడు. అప్పటికి ఇరవై మూడేళ్ళు. లివర్‌పూల్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా చేరి, ప్రెస్సులో అచ్చుపని నేర్చుకున్నవాడు.

హవాయి అప్పటికి స్వతంత్ర రాజ్యం. మూడో కమేహమేహా రాజు. ప్రొటెస్టెంట్ మిషనరీలు 1820లోనే వచ్చి, ఆ భాషకి రోమన్ లిపి కుదిర్చి, ప్రెస్సు పెట్టి, బడులు తెరిచారు. 1839కల్లా బైబిల్ మొత్తం హవాయి భాషలోకి వచ్చేసింది. అంటే కానన్ వెళ్ళింది అక్షరం తెలియని జనం దగ్గరికేం కాదు. చదువూ క్రైస్తవమూ రెండూ ముందే చేరిన చోటికి.

అసలు వీళ్ళు బోధిద్దామనుకున్నది అక్కడున్న తెల్లవాళ్ళకి. తెల్లవాళ్ళేమో కొద్దిమందే. నావికులూ వ్యాపారులూ, వినే తీరిక లేనివాళ్ళూ. మరి స్థానికులకి బోధించాలా, వద్దా? దీని మీద పదిమందిలో గొడవ పడింది. వచ్చిన పని అయిపోయింది, పోదామన్నవాళ్ళు కొన్ని నెలల్లోనే ఓడెక్కేశారు. కానన్ మాత్రం భాష నేర్చుకుంటాను, ఉంటానన్నాడు. అతనితో పాటు మరో నలుగురు ఉండిపోయారు.

ఈ నిర్ణయం ఎంత పెద్దదో తెలియాలంటే మన వైపు చూడాలి. 1853లో రిచర్డ్ బాలెంటైన్ అనే స్కాట్లండ్ మోర్మన్ ఇద్దరు సహచరులతో మద్రాసులో దిగాడు. ఇంగ్లీషులో కరపత్రాలు వేశాడు, పత్రిక నడిపాడు, ముఖ్యంగా సైనికులకీ ఇంగ్లీషు వచ్చిన కుటుంబాలకీ బోధించాడు. ఏడాదికే వెళ్ళిపోయాడు, వెనక పెద్దగా ఏమీ మిగల్లేదు. చుట్టూ ఉన్న తమిళ, తెలుగు జనంలోకి ఆ మాట వెళ్ళనే లేదు. మన దేశంలో ఆ సంఘానికి మొదటి ‘స్టేక్’, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన పెద్ద విభాగం, ఏర్పడింది 2012లో, మన హైదరాబాదులో. మధ్యలో నూట అరవై ఏళ్ళు గడిచాయి.

భాష నేర్చుకుంటానని మాటలో అనడం తేలికే. ఎవరు నేర్పుతారు? ఎక్కడ ఉండాలి? మావి ద్వీపంలో లహైనా అనే ఊళ్ళో అద్దె కట్టలేక, చేతిలో డబ్బులయిపోయి నిలబడ్డప్పుడు నలిమనుయి అనే ఒకావిడ తన ఇల్లు వీళ్ళకిచ్చేసి తను వేరేచోటికి మారింది. ఆ పేరుకి ‘పెద్ద చేతులు’ అని అర్థం. రోజూ తిండి పోయి: చేమదుంపలాంటి టారో దుంపని ఉడికించి, దంచి, పులియబెట్టిన ముద్ద. బైండింగు షాపులో పులిసిపోయిన జిగురు డబ్బా వాసన గుర్తొచ్చిందని కానన్ రాసుకున్నాడు. అచ్చుపనివాడు కదా, పోలిక కూడా అక్కడి నుంచే వచ్చింది. ఇక్కడి జనంతో బతకాలంటే ఇది నాకు రుచించాలి అని ప్రార్థన చేసుకున్నాడట. తర్వాత తర్వాత అన్నిటికన్నా అదే ఇష్టమైందట.

నన్నడిగితే, ఆ కుర్రాడి బోధనలో మొదటి పాఠం ఇదే. ఇందులో గురువు నలిమనుయి.

ఇక ఆ మార్చి వారం. వచ్చీరాని భాషతో కానన్ ఒంటరిగా లహైనా నుంచి కాలినడకన బయల్దేరాడు. వినేవాళ్ళు ఎక్కడో ఉన్నారన్న నమ్మకం తప్ప చేతిలో చిరునామా ఏదీ లేదు. 8వ తారీకు, శనివారం, వైలుకు ఊరు దాటుతుంటే ఒక ఇంటి ముందున్న ఇద్దరు స్త్రీలు ‘తెల్లాయనొచ్చాడు’ అని లోపలికి కేకేశారు. ముగ్గురు మగవాళ్ళు బయటికొచ్చారు. వాళ్ళలో ఒకాయన జొనాథన్ నాపెలా. సోమవారం దాకా ఉండి వెళ్ళమన్నారు.

నాపెలా వయసు ముప్ఫై ఏడు. 1831లో లహైనాలునా పాఠశాల తెరిచినప్పుడు అందులో చేరిన తొలి విద్యార్థుల్లో ఒకడు. కుటుంబం పరువున్నది, ఆయన ఆ ప్రాంతానికి న్యాయాధికారి. దారిన పోతున్న ఇరవై నాలుగేళ్ళ పరాయి కుర్రాణ్ణి ఇంట్లో పెట్టుకోవాల్సిన అవసరం ఆయనకేమీ లేదు. పెట్టుకున్నాడు, ప్రశ్నలడిగాడు. ఆ ఊరి ప్రొటెస్టెంట్ పాస్టరు గుడిలోనే కానన్‌ని తిడుతూ ప్రసంగిస్తే, నాపెలాకి తన పదవీ సంఘంలో తన స్థానమూ ప్రమాదంలో పడ్డాయి. అయినా 1852 జనవరిలో బాప్తిస్మం తీసుకున్నాడు.

అదే నెలలో ఇద్దరూ కలిసి మోర్మన్ గ్రంథం అనువాదం మొదలుపెట్టారు. ‘ఇద్దరూ కలిసి’ అన్నమాట కావాలనే రాస్తున్నాను. పుస్తకం మీద అనువాదకుడుగా నిలిచిన పేరు కానన్‌ది. పని ఎలా జరిగిందో మాత్రం అతనే దాచకుండా చెప్పాడు. కొన్ని పేజీలు అనువదించి నాపెలాకి చదివి వినిపించేవాడు. నీకు ఏం అర్థమైందో చెప్పు అనేవాడు. నాపెలాకి అర్థమైనదీ తను అనుకున్నదీ ఒకటే అయితే ఉంచేవాడు, కాకపోతే మార్చేవాడు. 1853 మధ్యకి పని పూర్తయింది. 1855లో శాన్ ఫ్రాన్సిస్కోలో అచ్చయింది, పేరు ‘కా బుకె అ మొరమొన’. హవాయి కూడా మన తెలుగులాగే అజంత భాష. ఏ మాటైనా అచ్చుతోనే ఆగాలి. మన నోట్లో బుక్కు అయినది వాళ్ళ నోట్లో బుకె అయింది.

ఆ రోజుల్లోనే నాపెలా తన ఇంట్లో కొత్త మిషనరీలకి హవాయి భాష నేర్పాడు. ఆ సంఘంలో బోధకులకి భాష నేర్పిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. ఇప్పుడు యూటాలోని ప్రోవో శిక్షణ కేంద్రంలో యాభైకి పైగా భాషలు నేర్పుతారు. వైలుకులో ఒక న్యాయాధికారి ఇల్లు దానికి ముందుమాట లాంటిది.

ఈ కథ మనకి కొత్తగా ఏమీ అనిపించదు. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెగ్రాంజెస్‌ల పేర్లు తెలుగు బైబిల్ చరిత్రలో ముందు వస్తాయి. వాళ్ళ పక్కన కూర్చుని తెలుగు వాక్యం నిలబెట్టిన ఆనందరాయర్ పేరు వెతుక్కుంటే గానీ దొరకదు. బ్రౌన్ దొర అంటే అందరికీ తెలుసు. ఆయన పండితుడు జూలూరి అప్పయ్యశాస్త్రి ఎంతమందికి తెలుసు? జీతమిచ్చినవాడి పేరు అట్ట మీదకీ, జీతం తీసుకున్నవాడి పేరు ముందుమాటలోకీ వెళ్తాయి. నాపెలా జీతగాడు కూడా కాడు. ఆయనే ఎదురు అన్నం పెట్టాడు.

అలాగని కానన్‌ని దొంగని చేయడం నాకిష్టం లేదు. తన భాషలో తప్పులు దిద్దించుకునే వినయం అతనికుంది. నాకు ఇబ్బందిగా తోచేది వేరొకటి. ఆ గ్రంథం యెరూషలేము నుంచి అమెరికా ఖండానికి వలసపోయిన ఒక జాతి కథ చెబుతుంది. హవాయి వాళ్ళు కూడా ఆ వంశం వాళ్ళేనని కానన్ గట్టిగా నమ్మాడు, వాళ్ళకి అదే చెప్పాడు. వంశావళిని మంత్రంలా కంఠస్థం చేసే జనం వాళ్ళు. సృష్టి మొదలు రాజవంశం దాకా చెప్పే ‘కుములిపో’ గానం రెండు వేల పంక్తులకి పైనే ఉంటుంది. అటువంటివాళ్ళకి మీ తాతలు ఫలానా అని ఒక కుర్రాడు సముద్రం దాటొచ్చి చెప్పాడు. కొందరికి అది గౌరవంగా అనిపించింది. 1832లో లక్షా ముప్ఫై వేలున్న జనాభా రోగాలకి రాలిపోయి 1853 నాటికి డెబ్భై మూడు వేలకి పడిపోయింది. కళ్ళముందే అలా కరిగిపోతున్న జాతికి, దేవుడు మిమ్మల్ని మర్చిపోలేదన్న మాట ఎలా వినపడి ఉంటుందో ఊహించగలను. ఓదార్పే. కానీ ఆ ఓదార్పులో సొంత తాతల్ని పక్కకి జరపాల్సిన షరతు కూడా ఉంది.

1854లో కానన్ వెళ్ళిపోయాడు. అప్పటికి సంఘం లెక్కల్లో సభ్యులు నాలుగు వేల పైమాటే. 1857లో అమెరికా ప్రభుత్వం యూటా మీదకి సైన్యాన్ని నడిపించడంతో, 1858 నాటికి అమెరికన్ మిషనరీలందరూ ఇంటికి పిలుపందుకున్నారు. దీవుల్లో నమ్మినవాళ్ళు మాత్రం మిగిలారు. ఆ ఖాళీలోకి 1861లో వాల్టర్ గిబ్సన్ అనే సాహసికుడు దిగాడు. సంఘంలో పదవులు డబ్బుకి అమ్మాడు. లనాయి ద్వీపంలో అందరి చెమటతో సంపాదించిన భూమిని తన పేరున రాయించుకున్నాడు. 1864లో సంఘం అతన్ని వెలివేసింది గానీ భూమి అతని దగ్గరే ఉండిపోయింది. తర్వాత ఆయనే హవాయి రాజ్యానికి ప్రధానమంత్రి కూడా అయ్యాడు! వారపు ఉత్తరాల్లో ఎప్పుడూ కనిపించని భాగం ఇదే: బోధకుడు వెళ్ళిపోయాక జరిగేది.

నాపెలా నమ్మకం అప్పటికీ సడలలేదు. 1869లో యూటా దాకా వెళ్ళి బ్రిగం యంగ్‌ని చూసొచ్చాడు. నాలుగేళ్ళకి భార్య కిటీకి కుష్ఠువ్యాధి బయటపడింది. 1865 నాటి చట్టం ప్రకారం రోగుల్ని మొలొకాయి ద్వీపంలో కలావుపాపకి పంపేసేవారు. మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు నిట్టనిలువు కొండ. వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చేది లేదు. నాపెలాకి రోగం లేదు. అయినా భార్యతో వెళ్ళాడు.

అక్కడ కొన్నాళ్ళు ఆ స్థావరానికి పర్యవేక్షకుడుగా ఉన్నాడు. నిబంధనల ప్రకారం రాని వాళ్ళకి కూడా తిండి పంచాడన్నది ఆయన మీదున్న ఫిర్యాదుల్లో ఒకటి. కొద్ది నెలలకే ఆ పదవి తీసేశారు. పదవి లేకపోతే ఆరోగ్యవంతుడికి అక్కడ ఉండే హక్కు లేదు. అప్పుడు, 1873 అక్టోబర్లో, ఆరోగ్య శాఖ అధ్యక్షుడికి ఆయనొక ఉత్తరం రాశాడు. పెళ్ళినాడు దేవుడి ముందు నా భార్యని ఆరోగ్యంలోనూ రోగంలోనూ చూసుకుంటానని మాటిచ్చాను, నన్ను ఆమె దగ్గరే ఉండనివ్వండి అన్నది దాని సారాంశం. ఉండనిచ్చారు. అదే ఏడాది అక్కడికొచ్చిన కాథలిక్ ఫాదర్ డేమియన్‌తో ఆయనకి స్నేహం కలిసింది. ఒకరి మతం ఒకరికి తప్పుగానే కనిపించి ఉంటుంది. ఇద్దరూ రోగుల మధ్యే తిరిగారు. చివరికి రోగం నాపెలాకీ సోకింది. 1879 ఆగస్టులో చనిపోయాడు. ఆ వెంటనే కిటీ కూడా.

అదే 1879లో సాల్ట్ లేక్ సిటీలో కానన్ జ్ఞాపకాల పుస్తకం అచ్చయింది. మోర్మన్ పిల్లలకి మిషనరీ జీవితం మీద ఉత్సాహం కలిగించాలని రాసినది. నలిమనుయి ఇల్లు, పోయి వాసన, వైలుకు దారిలో కేక, నాపెలా పరిచయం నాకు తెలిసింది అందులోంచే. నాపెలాని ప్రేమగానే తలుచుకున్నాడు. కానీ ఆ కథ 1854లో ఓడెక్కడంతో ముగుస్తుంది. ముగియక ఏం చేస్తుంది, అది వెళ్ళినవాడి కథ కదా.

మిషనరీల చరిత్ర చదివేటప్పుడు వాళ్ళు వంచించారా, ఉద్ధరించారా అని తేల్చేయాలని మనకి తొందరగా ఉంటుంది. కానన్ పుస్తకం ఒక్కటే చదివితే ఉద్ధరించాడనిపిస్తుంది. గిబ్సన్ భూముల లెక్క ఒక్కటే చదివితే వంచనే కనిపిస్తుంది. నాపెలా ఉత్తరం ఈ రెండిట్లో దేనికీ లొంగదు. ఆ కుర్రాళ్ళు తెచ్చిన పుస్తకాన్ని ఆయన తన భాషలోకి తెచ్చుకున్నట్టే, వాళ్ళు తెచ్చిన విశ్వాసాన్ని కూడా తన బతుకులోకి తెచ్చుకున్నాడు. కలావుపాపలో దాంతో ఏం చేయాలో ఆయనకి ఏ ఎల్డరూ చెప్పలేదు.