ఒక శిరస్సు, మూడు రంగులు

ఇంకా తెల్లవారలేదు. గుడియాత్తం తరణంపేటలో అప్పటికే ఇసకేస్తే రాలనంత జనం. తమిళుల వైకాసి నెల మొదటి రోజు, అంటే మే నెల మధ్యలో, ముత్యాలమ్మ గుడి నుంచి గంగమ్మ శిరస్సు బయల్దేరే వేళ. డప్పులు మోగుతున్నాయి. దారిపొడవునా కొబ్బరికాయలు పగులుతున్నాయి. అదే సమయానికి, ఊరేగింపు వెళ్లే వీధిలో ఓ మేడగదిలో, కెమెరాలను మార్చి మార్చి టీవీకి లైవ్ పంపే స్విచ్చర్ ముందు కూర్చున్న మనిషి తల పట్టుకున్నాడు.

అతని ఎదురుగా మూడు తెరలు. మూడింటిలోనూ ఒకటే బంతిపూల దండ. మొదటి దాంట్లో ఇటుక రంగు. రెండో దాంట్లో పాలు కలిపినట్టు వెలిసిపోయింది. మూడో దాంట్లో పచ్చి నిమ్మకాయ రంగుకు తిరిగి, దానిమీద నల్లటి పట్టీలు కింది నుంచి పైకి పాకుతున్నాయి.

“ఏందిరా ఇది? అమ్మకు మూడు దండలు వేసినారా?” అన్నాడు మైకులో.

“నా కెమెరా కరెక్టే మామా. ఆ రెండూ చూడు,” అన్నాడు వేలూరు కుర్రాడు, జనం మధ్యలోంచి.

“ఇన్నేళ్లుగా నాది ఇదే కలరు రా అబ్బయ్యా. ఎవుడూ ఏమీ అనలే,” అన్నాడు మిద్దె మీద స్టాండు వేసుకున్న పెద్దాయన.

ఈ కథలో మనుషులకు పేర్లు పెట్టలేదు. జాతర నిజం, ఊళ్లు నిజం. రెండు మూడు స్టూడియోలవాళ్లు కలిసి పనిచేసిన చోటల్లా రేగే ఈ రంగుల తగవూ నిజమే. అలాంటి షూట్లలో జరిగేవాటిని ఒక్క ఉదయంలోకి కూర్చి చెబుతున్నాను.

గుడియాత్తం తెలుగువాళ్లకు కొత్త ఊరేమీ కాదు. పలమనేరు వైపు కొండల్లోంచి దిగే కౌండిన్య నది ఒడ్డునే ఉంది. లుంగీల నేతకు, అగ్గిపెట్టెలకు పేరు. 1954 ఉప ఎన్నికలో కామరాజును శాసనసభకు పంపిన ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఇక్కడ బోలెడు. పెద్ద షూటింగ్ వస్తే ఊళ్లో ఉన్న కెమెరా సరిపోదు, వేలూరు నుంచి అద్దెకు వస్తుంది. ఒకరిది ఒక కంపెనీ, ఇంకొకరిది ఇంకో కంపెనీ. ఒకటి పాత భుజం కెమెరా, ఒకటి నిన్నమొన్నటి మిర్రర్‌లెస్.

మామ ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాడు.

పెద్దాయన వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెట్టాడు. వీధి దీపం కిందికి వస్తే ఒక రంగు, సీరియల్ సెట్ల కిందికి వస్తే ఒక రంగు. కెమెరా తనకు తోచినట్టు మార్చుకుంటూ పోతోంది. సోడియం దీపం కింద అయితే ఎవరూ పెద్దగా ఏమీ చెయ్యలేరు. ఆ వెలుగులో చాలా భాగం పసుపే. అందులో లేని రంగులను ఏ కెమెరా పుట్టించలేదు.

వేలూరు కుర్రాడు లాగ్‌లో తీస్తున్నాడు. “ఎడిటింగ్‌లో కలర్ చేసుకుందామని మామా.”

“ఎడిటింగ్ యాడుందిరా? ఇది లైవు!”

లాగ్ అంటే వెలుగు నీడల వివరం ఎక్కువ దాచుకునే పద్ధతి. తర్వాత గ్రేడింగ్ చేస్తే బంగారం. నేరుగా టీవీకి పంపితే మజ్జిగ.

మూడోవాడు ఊళ్లో పెళ్లిళ్లు తీసే అన్న. ముందురోజు ఇంకెవరి కోసమో 30 ఫ్రేముల్లో, షటర్ 60లో పెట్టి మార్చడం మరిచాడు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్లూ చవక ఎల్ఈడీలూ సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతాయి. మన కంటికది తెలియదు. షటర్ సెకనులో 50వ వంతు దగ్గరుంటే కెమెరాకూ తెలియదు. 60వ వంతుకు పెట్టారా, లెక్క కుదరదు, పట్టీలు పాకుతాయి. మనవైపు 25 ఫ్రేములు, 50 షటర్ అన్నది ఇందుకే. నిమ్మకాయ రంగంటారా, అది చవక లైట్ల పచ్చదనం.

ఇవన్నీ ముందురోజు సాయంత్రం టీ తాగుతూ తేల్చుకోవాల్సిన సంగతులు. తేల్చుకోలేదు. నేను విన్నంతవరకూ ఎవరూ తేల్చుకోరు.

తూరుపు ఎర్రబారింది. వీధి మలుపులో ఊరేగింపు ఆగింది. హారతులు, కొబ్బరికాయలు. అక్కడ దొరికింది వ్యవధి.

“అందరూ వినండి. ఆటో తీసేయండి. ఇరవై అయిదు, యాభై. లాగ్ ఆపి మామూలు ప్రొఫైల్. వైట్ 5600.”

ముగ్గురూ పెట్టారు. తెరలు దగ్గరకొచ్చాయి గానీ ఒకటి కాలేదు. ఈ పనిలో చాలామంది తడబడేది ఇక్కడే. అంకె ఒకటైతే రంగు ఒకటవుతుందనుకుంటారు. ఒక్కో కంపెనీ 5600ను ఒక్కోలా అర్థం చేసుకుంటుంది. ఒకదాంట్లో ముఖాలు కాస్త గులాబీకి, ఇంకోదాంట్లో కాస్త పచ్చకు మొగ్గుతాయి.

“సరే, వైట్ తీసుకుందాం. తెల్లది చూపించండి.”

వేలూరు కుర్రాడు ఎదురుగా ఉన్నాయన పంచె మీద వైట్ తీశాడు. పెళ్లిళ్ల అన్న ఇంకో పంచె మీద తీశాడు. తెరలు మళ్లీ విడిపోయాయి. తెల్ల పంచె తెల్లగా ఉండదు మరి. దానికి నీలం పెట్టి ఉంటారు. ఇప్పటి సబ్బుపొడుల్లో అయితే ఎండలోని అతినీలలోహిత కిరణాలను తాగి నీలపు వెలుగు కక్కే మందులుంటాయి. కెమెరా ఆ నీలాన్నే తెలుపనుకుని, దాన్ని చంపడానికి బొమ్మ మొత్తానికీ పసుపు పులుముతుంది. ఎంత తెల్లటి పంచె అయితే అంత మోసం.

చివరికి బ్యాగు అడుగు నుంచి ఒక బూడిద రంగు అట్ట బయటికొచ్చింది. తన మీద పడిన వెలుగులో 18 శాతాన్ని, ఏ రంగువైపూ మొగ్గకుండా తిప్పి పంపే అట్ట. అసిస్టెంటు పిల్లోడు అరుగెక్కి, మిద్దె మీది కెమెరాకూ కనబడేలా దాన్ని నెత్తిపైకి ఎత్తి పట్టుకున్నాడు.

పక్కనున్న ముసలమ్మ చూసింది. “అదేం బోర్డు నాయనా? ఏమీ రాయలేదే?”

ముగ్గురూ ఆ ఒక్క అట్ట మీదే, ఒకే వెలుగులో వైట్ తీసుకున్నారు. మిగిలిన చిన్న తేడాలను మామ తన తెరలు చూస్తూ చెప్పాడు: “తంబీ, పచ్చ ఒక గీత తగ్గించు. అన్నా, ఐరిస్ కాస్త మూయి, కుంకుమ పేలిపోతాంది.” ఎర్రరంగు అంతే. ఎక్స్‌పోజర్ కాస్త ఎక్కువైతే చాలు, కుంకుమబొట్టులో నునుపూ గరుకూ పోయి ఎర్రటి స్టిక్కరు మిగులుతుంది.

కుర్రాడి గొణుగుడు ఆగలేదు. “నాది అంత రేటు పెట్టి కొన్న కెమెరా మామా. దీన్ని ఆ పాతదాని లెవెల్‌కు దించమంటావా?”

“దించాల్సిందే. అది ఎక్కి రాలేదు కదా.”

నా ఓటు మామకే. మూడు కెమెరాల్లో బలహీనమైనది ఎక్కడ ఆగుతుందో మిగతావి అక్కడికి రావాలి. వెనకంతా మసకగా కరిగిపోయే ఖరీదైన షాటు తర్వాత, అంతా స్పష్టంగా కనబడే మిద్దె షాటు పడితే రంగులు కలిసినా లాభం లేదు, చూసేవాడికి ఊరు మారినట్టే ఉంటుంది. అందుకే ఎండ వచ్చాక కుర్రాడు వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ జోలికి పోకుండా లెన్సును ఎఫ్ 8 దాకా మూశాడు. పెద్దాయన తన కెమెరాలో డిటెయిల్ తగ్గించాడు, అంచులు గీసినట్టు కనబడటం పోయింది.

పెద్ద టీవీవాళ్లకు ఈ బాధ లేదు. క్రికెట్ మ్యాచ్ ఓబీ వ్యానులో అన్ని కెమెరాల ఐరిస్‌లూ రంగులూ లోపల కూర్చున్న ఇంజినీరు చేతికిందే ఉంటాయి. బయట కెమెరా పట్టుకున్నవాడు ఫ్రేము, ఫోకస్ చూసుకుంటే చాలు. గుడియాత్తంలో ఆ ఇంజినీరు పని మామ గొంతు చేసింది. రంగులను కొలిచి చూపే వెక్టర్‌స్కోప్ చూస్తే ఇంకో విశేషం తెలుస్తుంది. నలుపు, చామన, ఎరుపు, ఏ ఛాయ మనిషైనా చర్మం రంగు దాదాపు ఒకే గీత పక్కన పడుతుంది. కింద పారే నెత్తురు ఒకటే కదా. ఆ గీతకు అటో ఇటో జరిగిన కెమెరాను పట్టేయడం సులువు.

ఎండ ముదిరేసరికి శిరస్సు గోపాలపురం గంగమ్మ గుడి చేరింది, మన మూడు కెమెరాలూ చేరాయి. తండ్రి జమదగ్ని మాట మీద పరశురాముడు తల్లి రేణుక తల నరకడం, తర్వాత ఆ తలను మరో స్త్రీ దేహానికి చేర్చి బతికించడం ఇక్కడి గంగమ్మ కథ. అతుకు గురించి జాతర చేసుకునే ఊరు ఇది. పూలలో తేలివచ్చిన శిరస్సును దేహం మీద నిలిపారు. మిద్దె షాటు, దగ్గరి షాటు, మళ్లీ మిద్దె షాటు. మూడుసార్లు కట్ చేశాడు మామ. టీవీ ముందు కూర్చున్నవాళ్లలో ఒక్కరికీ కెమెరా మారినట్టు తెలియలేదు.

ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లకు ఒక మాట. అమ్మాయి వైపు ఒక స్టూడియో, అబ్బాయి వైపు ఇంకో స్టూడియో వస్తే, ముహూర్తానికి ముందు వాళ్లిద్దరికీ కలిపి ఒక పావుగంట ఇవ్వండి. మండపంలో లైట్లన్నీ వేయించండి. పెళ్లికూతురు చీర పక్కన ఆ బూడిద అట్ట పెట్టుకోనివ్వండి. ఆ పావుగంట ఇవ్వకపోతే మీరు కొన్న లక్క రంగు చీర ఆల్బంలో రెండు చీరలవుతుంది.