పితూరీ అంటే చాడీ కాదు: 1879 రంప, చిగురుపన్ను



2024 జూన్‌లో కెన్యా కుర్రాళ్ల వీడియోలు మన ఫోన్లలోకి కూడా వచ్చాయి, గుర్తుందా? అక్కడి ప్రభుత్వం ఆర్థిక బిల్లు పెట్టింది. మొదట్లో రొట్టె మీద కూడా పన్ను వేస్తామన్నారు. జనం గోల చేస్తే అది తీసేశారు గానీ మిగతావి ఉంచారు. జూన్ 25న పార్లమెంటులో బిల్లు పాసవగానే నైరోబీలో మన వయసు వాళ్లే పార్లమెంటు లోపలికి దూసుకెళ్లారు. పోలీసులు కాల్చారు, ప్రాణాలు పోయాయి. మర్నాడు అధ్యక్షుడు రూటో ఈ బిల్లు మీద సంతకం పెట్టనన్నాడు. తర్వాత నెలలో మంత్రివర్గాన్నే దాదాపు మొత్తం తీసేశాడు.

పలివెలలో మేముండే చోట రాత్రి అన్నం తిన్నాక ఆ వీడియోలు చూస్తుంటే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మన దగ్గర ఎప్పుడన్నా పన్ను గురించి ఇలా తిరగబడ్డారా?" మాలో ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. అల్లూరి పేరు అందరం చెప్పాం. అది 1922. అంతకు 43 ఏళ్ల ముందే మన కొండల్లో కల్లు మీద పన్ను కోసం ఇంతకంటే పెద్ద తిరుగుబాటు జరిగిందని మాకప్పటికి సరిగా తెలీదు. తర్వాత పుస్తకాలు తిరగేశాం. తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాం.

ముందు ఒక మాట గురించి. కోనసీమలో ఎవరన్నా పెద్దవాళ్ల దగ్గరికెళ్లి ఇంకొకడి మీద చెప్తే "పితూరీలు చెప్తున్నాడు" అంటారు. అంటే చాడీలు అని. అదే మాట మన కొండల్లో పితూరీ, పాత రికార్డుల్లో ఫితూరి. అక్కడ దానికి అర్థం తిరుగుబాటు. కింద ఫిర్యాదు, పైన తిరుగుబాటు. ఒకే మాటకు రెండు అర్థాలు ఎలా వచ్చాయో భాష చదివినవాళ్లు చెప్పాలి. మాకు మాత్రం రంప కథ మొత్తం ఈ రెండు అర్థాల మధ్యే జరిగినట్టు అనిపించింది.

రంప అంటే ఇప్పటి రంపచోడవరం చుట్టుపక్కల కొండలు. కొండరెడ్లు, కోయలు ఉండే నేల. ఇంగ్లీషువాళ్లు వచ్చేసరికి అక్కడ రాంభూపతి దేవ్ అనే మన్సబుదారు ఉండేవాడు. ఆయన కింద ముఠాలు, ముఠాలకు ముఠాదార్లు. కంపెనీ వాళ్లకు ఆ కొండల నుంచి పెద్ద ఆదాయం లేదు, ఎక్కితే చలిజ్వరం. అందుకే 1813లో ఒప్పందం రాసుకున్నారు: ఊళ్లు నువ్వే అనుభవించు, గొడవలు లేకుండా చూసుకో, అని. ఆయన 1835లో చనిపోయాడు. వారసత్వం మీద చాలా ఏళ్లు తగాదాలు నడిచి, చివరికి 1848లో కొడుకు మధువతి రాంభూపతిని మన్సబుదారుగా కూర్చోబెట్టారు. ముఠాదార్లు ఆయనకు ఏటా 8,750 రూపాయలు కట్టాలి.

ఈయన్ని కొండల్లో ఎవరూ ఇష్టపడలేదు. అయినా ప్రభుత్వం ఆయన్నే నిలబెట్టింది, ఎందుకంటే ఆయన ఉంటే వాళ్లకి పని తేలిక. ఆయన వసూళ్లు పెంచుకుంటూ పోయాడు, ముఠాలు లాక్కున్నాడు. 1850ల చివర్లో, 1860ల మొదట్లో చిన్న చిన్న పితూరీలు లేచాయి. ప్రతిసారీ పోలీసులు వచ్చి లేచినవాళ్లను పట్టుకుపోయారు. ఎందుకు లేచారని మాత్రం గట్టిగా అడిగినవాళ్లు లేరు.

ఇక్కడ కాస్త ఆగి కిందకి చూడాలి, మేం ఇప్పుడు ఉంటున్న ఈ డెల్టా వైపు. అవి ధవళేశ్వరం ఆనకట్ట రోజులు. 1847లో మొదలై 1852కి పూర్తయింది. గన్నవరం అక్విడెక్టు మీదుగా గోదావరి నీళ్లు వైనతేయ దాటి లంక భూములకు వచ్చాయి. కరువు చూసిన కోనసీమ వరి, కొబ్బరితో నిండిపోయింది. కాటన్ దొరకు ఇక్కడ ఊరూరా విగ్రహాలున్నాయి, అందులో తప్పేం లేదు. కానీ అదే జిల్లా, అదే కలెక్టరు, అదే గోదావరి. కిందకి కాలువ వచ్చింది, పైకి కల్లు పన్ను వచ్చింది. కిందోళ్లకు మంచి జరిగిందని మాకు కడుపుమంట కాదు. ఒకే సర్కారు రెండు మొహాలతో ఉండగలదని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

ఇప్పుడు కల్లు దగ్గరికొద్దాం. కొండల్లో జీలుగు కల్లు, తాటి కల్లు అంటే ఏంటో మనకి వేరే చెప్పక్కర్లేదు. ఎండాకాలం గింజలైపోయినప్పుడు చాలా ఇళ్లలో అదే సగం తిండి. పండగకి, పెళ్లికి, చావుకి అది ఉండాలి. చెట్టు ఎవరిది, ఎవరు గీయాలి అన్నది ఊరు చూసుకునేది. 1870ల్లో కొత్త ఆబ్కారీ నిబంధనలు వచ్చాయి. ఇంట్లో తాగడానికి గీసుకున్నా కుదరదు, కల్లు రాబడి మొత్తం పాటలో పాడుకున్న కాంట్రాక్టరుదే అన్నారు. చిగురుపన్ను అనే పేరుతో వసూళ్లు. దాని మీద మొదలుపన్ను అని ఇంకోటి. చెట్టు చిగురుకి ఒక పన్ను, మొదలుకి ఒక పన్ను. ఆకులే మిగిలిపోయాయి పాపం. కింద నుంచి వచ్చిన కాంట్రాక్టరు, పైన కూర్చున్న మన్సబుదారు ఇద్దరూ జనం మీద పడ్డారు. వసూలుకి పోలీసులు తోడు. ఆ పోలీసులకి మళ్లీ మామూళ్లు.

ఇదొక్కటే అయితే ఏమయ్యేదో. దీనికి తోడు అప్పులు. మైదానం నుంచి వచ్చిన షావుకార్లు ఉప్పు, బట్ట అప్పుగా ఇచ్చి కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాళ్లు. గడువు దాటితే కింద కోర్టులో దావా. కొండరెడ్డికి సమన్లు అంటే ఏంటో తెలీదు, తెలిసినా అడవి దాటి అన్ని రోజులు నడిచి ఆ కోర్టుకి వెళ్లలేడు. ఎక్స్ పార్టీ డిక్రీ. ఆ డిక్రీ పట్టుకుని షావుకారు పోలీసులతో వచ్చి చిన్న బాకీకి పశువులు, ధాన్యం అన్నీ తోలుకుపోయేవాడు. చట్టప్రకారం అంతా సరిగ్గానే ఉంది చూడండి. కాగితం ఉంది, ముద్ర ఉంది, కోర్టు ఉంది.

మరి వీళ్లు ఎవరికి చెప్పుకోవాలి? మమ్మల్ని బాగా ఆలోచింపజేసింది ఇదే. మన్సబుదారు మీద ఫిర్యాదు మన్సబుదారుకే చెప్పాలి. పోలీసుల మీద ఫిర్యాదు స్టేషన్‌లో ఇవ్వాలి. షావుకారు మీద దావా వెయ్యాలంటే షావుకారు గెలిచిన కోర్టుకే పోవాలి. మాలో ఒకడు కుల ధ్రువీకరణ పత్రం కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగి, ఆలస్యం మీద అర్జీ పెడితే, ఆ అర్జీ విచారణకి తిరిగి ఆ టేబుల్ మీదకే వచ్చింది. ఏ ఆఫీసని అడక్కండి, ఫీజు రీయింబర్స్‌మెంటు ఇంకా రావాలి.

1879 మార్చిలో రంప లేచింది. ముందు పోలీసుల మీద దాడులు, తర్వాత స్టేషన్ల మీద. బోదులూరు అంబుల్ రెడ్డి, కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, పులికంట సాంబయ్య. ఈ నాలుగు పేర్లు గుర్తుపెట్టుకోండి, మన పాఠ్యపుస్తకంలో మాకు కనపళ్లేదు. చంద్రయ్య మనుషులు అడ్డతీగల పోలీస్ స్టేషన్ తగలబెట్టారు. కొన్ని నెలల్లోనే అది విశాఖ వైపు గొలుగొండ కొండలకి, ఇటు భద్రాచలం వైపు రేకపల్లికి పాకింది.

రేకపల్లిది వేరే బాధ. భద్రాచలం తాలూకా 1874 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది. అప్పుడు పోడుకి గొడ్డలికి 4 అణాలు కట్టేవాళ్లు. మద్రాసు సర్కారు చేతికి వచ్చాక అది దాదాపు మూడు రెట్లైంది, కొన్ని చోట్ల పోడే కొట్టొద్దన్నారు. గీత మార్చింది ఎక్కడో కూర్చున్నవాళ్లు, పన్ను పెరిగింది గొడ్డలి పట్టినవాడికి. (2014లో ఆ మండలాలు తెలంగాణ నుంచి ఆంధ్రకు వచ్చాయి. కూనవరం, వి.ఆర్. పురం, చింతూరు తమ్ముళ్లకి గీతలు మారితే ఏమవుతుందో మేం చెప్పక్కర్లేదు. 2022 జూలై వరదలో పునరావాసం అందకుండానే ఇళ్లు మునిగినవాళ్లు మన గ్రూపులోనే ఉన్నారు.)

అణచడానికి ఎంతమంది వచ్చారో చూస్తే మేం నోరు తెరిచాం. పక్క జిల్లాల నుంచి వందల మంది పోలీసులు, మద్రాసు పదాతి దళాల ఆరు రెజిమెంట్లు, గుర్రపు దళం, సాపర్లు, మైనర్లు, నిజాం వైపు నుంచి హైదరాబాద్ కంటింజెంట్. ఇదంతా బాణాలు, కొన్ని నాటు తుపాకులు ఉన్న కొండవాళ్ల మీద. అయినా ఏడాది దాటింది. 1880 ఫిబ్రవరిలో చంద్రయ్య చనిపోయాడు, జూలైలో తమ్మన్నదొరను పోలీసులు కాల్చారు. పట్టుబడ్డవాళ్లలో చాలామందిని అండమాన్ పంపారు. కొండ తప్ప సముద్రం ఎరగనివాళ్లు.

ఇక్కడ నిజాయితీగా రెండు మాటలు చెప్పాలి. పితూరీదార్లందర్నీ దేవుళ్లను చెయ్యొద్దు. వాళ్లు ఊళ్లు కూడా దోచారు, ఆ ఊళ్లలో ఉన్నది మనవాళ్లే. ఇంకోటి, ముందు నడిచినవాళ్లలో ముఠాదార్లు, వాళ్ల బంధువులు ఉన్నారు. ముఠాదారు కూడా జనం దగ్గర వసూలు చేసేవాడే. పై దొర తన వాటా లాక్కున్నాడని ఆయన కోపం, పశువులు పోయాయని కింద రెడ్డి కోపం. రెండు కోపాలూ ఒకే దారిలో నడిచాయి గానీ ఒకటే కోపం కాదు.

అది ఎలా తెలుస్తుందంటే, ఆఖర్లో ఎవరికేం దక్కిందో చూస్తే. రెవెన్యూ బోర్డు నుంచి సలివన్ అనే పెద్ద అధికారిని విచారణకు పంపారు. ఆయన కొండవాళ్ల ఫిర్యాదులు నిజమేనని తేల్చాడు: మన్సబుదారు దౌర్జన్యం, కల్లు పన్ను, పోలీసుల లంచాలు, షావుకార్ల డిక్రీలు. మన్సబుదారును తీసేశారు. చిగురుపన్ను ఎత్తేశారు. ముఠాదార్లకు ప్రభుత్వమే నేరుగా సనదులు ఇచ్చింది. అంటే ముఠాదారు కోరిక తీరింది. మరి భూమి, అప్పు? మైదానపువాళ్లు అనుమతి లేకుండా ఏజెన్సీ భూమి కొనకూడదని చట్టం వచ్చింది 1917లో. 37 ఏళ్లు! ఈలోగా 1882 అటవీ చట్టం వచ్చి పోడుని ఇంకా బిగించింది. ముఠాలు రద్దయింది 1969లో, స్వతంత్రం వచ్చిన 22 ఏళ్లకి. మరుసటి ఏడాది, 1970లో, మనందరికీ తెలిసిన 1/70.

స్థలపురాణాలు నమ్మినా నమ్మకపోయినా పలివెల ఉమా కొప్పులింగేశ్వరస్వామి కథ ఇక్కడ మాకు గుర్తొస్తుంది. పూజారి ఇచ్చిన పూలల్లో వెంట్రుక కనిపిస్తే పాలకుడు నిలదీశాడంట. భయపడి, స్వామికి జుట్టుందన్నాడంట పూజారి. మర్నాడు చూడ్డానికి వస్తే లింగానికి నిజంగానే కొప్పు వచ్చిందంట, భక్తుణ్ని కాపాడ్డానికి. "ఏజెన్సీ ప్రశాంతంగా ఉంది" అని ఏళ్ల తరబడి పైకి రాసిన అధికార్ల కోసం మాత్రం ఏ దేవుడూ కొప్పు పెట్టుకోలేదు. ఆ అబద్ధం 1879లో బయటపడింది.

మళ్లీ ఆఫ్రికాకి వద్దాం, ఎందుకంటే ఇది మన ఒక్కళ్ల కథ కాదు. సియెర్రా లియోన్‌లో 1898లో గుడిసె పన్ను మీద తిరుగుబాటు జరిగింది. బాయ్ బురే అనే నాయకుడు నెలల తరబడి ఇంగ్లీషు సైన్యాన్ని తిప్పలు పెట్టాడు. అక్కడికీ చామర్స్ అనే విచారణాధికారిని పంపారు. ఆయన కూడా పన్నే కారణం, ఎత్తేయండి అని రాశాడు. లండన్ వినలేదు, పన్ను అలాగే ఉంచింది. రంపలో నివేదిక సగం అమలైంది, అక్కడ అదీ లేదు. తర్వాత ఆ దేశాలకు స్వతంత్రం వచ్చింది, మనకీ వచ్చింది. కుర్చీలో మనిషి మారాడు, అర్జీ నడిచే దారి చాలాచోట్ల మారలేదు. కెన్యా పిల్లలు తిట్టింది తెల్లవాళ్లని కాదు, తాము ఓటేసినవాళ్లని.

అలాగని రోడ్డు మీదకొచ్చిన కోపమంతా న్యాయం అనుకోవద్దు. 2022 మే 24న అమలాపురంలో జిల్లాకు అంబేడ్కర్ పేరు వద్దని మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఇంటర్నెట్ ఆపేశారు. అదీ కోపమే, కానీ ఎవరి మీద, దేనికి? రంప రెడ్డి తగలబెట్టింది తన పశువుల్ని తోలించిన స్టేషన్‌ని. ఆ తేడా మేం ఇక్కడ ఉండి చదువుకుంటున్నవాళ్లం కాబట్టి ఇంకా బాగా తెలుసు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేసింది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అన్న జీవో అది. తీర్పు ఢిల్లీలో వచ్చింది. అప్పటికి మనలో చాలామందిమి స్కూల్లోనే ఉన్నాం, టీచరవుదామనుకుంటూ. మన తరఫున ఎవరు ఎంత గట్టిగా వాదించారు, ఆ తర్వాత మన రిజర్వుడు సీట్లలో గెలిచినవాళ్లు అసెంబ్లీలో ఎన్నిసార్లు లేచి అడిగారు, ఇది మేం లెక్క తీయాలనుకుంటున్నాం. అల్లూరితో నడిచిన గాం మల్లుదొర అండమాన్ జైలు చూసి వచ్చి, 1952లో మొదటి లోక్‌సభకి గెలిచి వెళ్లాడు. ఆయన అక్కడ ఏమేం అడిగాడో కూడా వెతకాలి. పార్లమెంటు చర్చలు దొరుకుతాయి, ఇంగ్లీషులో ఉంటాయి, చదవడానికి ముగ్గురం ఒప్పుకున్నాం. ఇంకో ఇద్దరు కావాలి.

బోదులూరు, అడ్డతీగల, రేకపల్లి వైపు నుంచి ఎవరన్నా ఉంటే, ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు తాతల్ని, అవ్వల్ని చిగురుపన్ను మాట ఎప్పుడన్నా విన్నారా అని అడగండి. వాళ్లు ఏ మాట వాడితే ఆ మాటే రాసి పెట్టండి, సరిదిద్దొద్దు.